ఏ వరసన బావ

గుమ్మం దగ్గర ఒక యువకుడు ఎదురొచ్చి, చేతులు కట్టుకుని చాలా మర్యాదగా అడిగాడు.

“తమరు మా బాబాయిగారికి ఏమవుతారండీ?”

చావింట్లో ఆ ప్రశ్న తప్పేమీ కాదు. మా కోనసీమలో మరీనూ. ఎవరు ఎక్కడ కూర్చోవాలో, ఎవరు ఎవర్ని పట్టుకుని ఏడవాలో, ఎవరు తలస్నానం చెయ్యాలో, ఎవరు కాళ్ళు కడుక్కుంటే చాలో అన్నీ ఆ జవాబుని బట్టే ఉంటాయి. పొద్దున్నే కాకినాడలో బయల్దేరి, రావులపాలెంలో బస్సు మారి, కొత్తపేట దాటాక గట్టు మీద దిగి నడుచుకుంటూ వచ్చాను. దారంతా కన్ను తడవలేదు. ఆ కుర్రాడు అలా అడిగేసరికి చేతిరుమాలు తీసి కళ్ళు తుడుచుకోవాల్సి వచ్చింది.

“కలిసి పనిచేశామండీ. టెలిఫోన్లో,” అన్నాను.

“ఆయ్, రండి. అలా కూర్చోండి,” అని బెంచీ చూపించాడు.

నా స్నేహితుణ్ణి అమలాపురం నుంచి తెచ్చి వసారాలో పడుకోబెట్టారు. పెళ్ళి చేసుకోని మనిషి. తల దగ్గర కూర్చుని ఏడిచే ఆడదిక్కు లేదు. వచ్చినవాళ్ళు ఓసారి చూసి, దణ్ణం పెట్టి, వాకిట్లోకి వెళ్ళి కాలవకి నీళ్ళు ఎప్పుడు వదుల్తారో మాట్లాడుకుంటున్నారు. మొహం మామూలుగానే ఉంది. కానీ అతని మొహం నాకు పెద్దగా పరిచయం లేదు. పదిహేనేళ్ళ స్నేహంలో ఎదురుబొదురుగా కూర్చున్న రోజులు చాలా తక్కువ. నాకు తెలిసింది గొంతు. ఆ గొంతు లేని మనిషి అక్కడ పడుకుని ఉంటే, ఎవరి ఇంటికో వచ్చినట్టు అనిపించింది.

బెంచీ మీద కూర్చుని, నిజంగా నేనేమవుతానా అని ఆలోచించాను.

అతను పెట్టిన పిలుపు ప్రకారమైతే, నేనతనికి బావని.

డెబ్బైల మధ్యలో నేను రాజోలు టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో ఆపరేటరుగా చేరాను. అతను అమలాపురం ఎక్స్ఛేంజిలో ఆపరేటరు, నాకన్నా నాలుగైదేళ్ళు పెద్ద. అప్పట్లో రాజోలు నుంచి ఎవరు ఎక్కడికి మాట్లాడాలన్నా మా లైను అమలాపురం మీదుగానే వెళ్ళాలి. రాజమండ్రి కావాలన్నా, కాకినాడ కావాలన్నా ముందు నేను అమలాపురాన్ని పిలవాలి, అక్కడివాళ్ళు పైకి కలపాలి. బోర్డు ముందు కూర్చుని, చెవులకి హెడ్‌ఫోన్ తగిలించుకుని, ప్లగ్గులు తీస్తూ పెడుతూ ఉండటం మా పని.

చేరిన మొదటి వారంలోనే ఒక కొబ్బరి వ్యాపారి అర్జెంటు కాల్ బుక్ చేశాడు. అటు రాజమండ్రి పలుకుతోంది, ఇటు వ్యాపారి అరుస్తున్నాడు, నేను ఏ ప్లగ్గు ఎక్కడ పెట్టానో నాకే తెలియకుండా పోయింది. అప్పుడు లైన్లో ఎవరో మౌత్‌పీసు మీద గోటితో రెండుసార్లు టక్కుటక్కుమని కొట్టారు. ఆ తర్వాత అమలాపురం నుంచి ఒక గొంతు, నిద్రలేచి తీరిగ్గా మాట్లాడుతున్నట్టు.

“కంగారు పడకు బావా. ఆయన్ని అరవనీ. నీ ఎడంచేతి ప్లగ్గు తీసెయ్. ఆయ్, అదే. ఇప్పుడు చూడు.”

కాల్ కలిసింది. నేను మాత్రం వెనక్కి తిరిగి చూశాను, బావా అన్నది నన్నా, నా వెనకాల ఇంకెవరన్నా ఉన్నారా అని.

ఆ మాట నాకు తెలియనిది కాదు. అత్త కొడుకు బావ, అక్క మొగుడు బావ. కానీ మా ఇళ్ళల్లో ఆ మాట మా పేట దాటి బయటికి వెళ్ళలేదు, బయటి నుంచి లోపలికీ రాలేదు. మా తాత పాలేరు. ఊళ్ళో రైతులు ఆయన్ని ముసలితనంలో కూడా ఒరే అనే పిలిచారు. మిషన్ బడిలో చదువుకుని పంతులైన మా నాన్నని మేస్టారూ అన్నారు. చర్చిలో అందరం బ్రదర్లమే. చిన్నప్పట్నించీ విని విని, ఎవరైనా బ్రదర్ అని చెయ్యి వేస్తే చందా పుస్తకం తీస్తారేమో అనిపించేది. ఎక్స్ఛేంజిల్లో కూడా ఆపరేటర్లు ఒకరినొకరు బ్రదర్ అనే అనుకునేవాళ్ళు. సినిమాలు ఎక్కువ చూసేవాళ్ళు గురూ అనేవాళ్ళు. వయసు మళ్ళినవాళ్ళు నేస్తం అనేవాళ్ళు. మొహం చూడకుండా, కులం అడక్కుండా బావా అన్నవాడు నాకు తెలిసి అతనొక్కడే.

లైన్లో మాకు పేర్లు ఉండేవి కావు. ఊళ్ళే పేర్లు. నేను రాజోలు, అతను అమలాపురం. కొత్తపేట ఎక్స్ఛేంజిలో ఒక ఆవిడ ఉండేది, ఆవిడ కొత్తపేట. ఆవిణ్ణి మాత్రం అతను అక్కయ్యగారూ అనేవాడు. మిగతా అందరూ బావలే. రావులపాలెం బావ, ముమ్మిడివరం బావ. ఏడాది తిరిగేసరికి ఆ చుట్టుపక్కల లైన్లన్నిట్లోనూ బ్రదర్ పోయి బావ వచ్చింది. రాజమండ్రి సూపర్వైజరుగారొకాయన విసుక్కుని, “ఏంటండీ మీ కోనసీమ లైన్లో ఎప్పుడు చెవి పెట్టినా పెళ్ళివారిల్లులా ఉంటుంది,” అన్నారట.

భోజనాల వేళ దాటాక కాల్స్ పల్చబడేవి. అప్పుడు టక్కుటక్కుమనేది.

“రాజోలు బావా.”

“చెప్పు బావా.”

“ఏం లేదు. కాలవలో కొబ్బరికాయల పడవ వెళ్తోంది. తెరచాప మీద కాకి కూర్చుంది. దిగదు, ఎగరదు.”

అతని కిటికీలోంచి కాలవ కనపడేది. నా గదికి కిటికీ ఉంది గానీ అవతల గోడ. అందుకని అతను చూసిందల్లా నాకు చెప్పేవాడు. వానాకాలంలో తూర్పు నుంచి మబ్బు వస్తే, “ఇక్కడ మొదలైంది బావా, నీ దాకా వస్తది. బట్టలుంటే తీయించు,” అనేవాడు. కాసేపటికి మా పెంకుల మీద చినుకులు పడేవి. నేను ప్లగ్గు పెట్టి, “వచ్చింది,” అనేవాణ్ణి. “ఆయ్,” అనేవాడు, తనే పంపించినట్టు.

మూడు నిముషాలకి కాల్ ఆపాలన్నది మా నిబంధన. అతను అందరికీ ఆపేవాడు, చావు కబురు అయితే తప్ప. ఎవరైనా ఏడుస్తుంటే గడియారం చూసేవాడు కాదు. పైనుంచి అడిగితే, “లైను బాగాలేదండీ, వినపళ్ళేదు,” అనేవాడు.

నాకు ఒక భయం ఉండేది. ఏదో ఒకరోజు అతను పేరు అడుగుతాడు. నాది బైబిల్లో పేరు. చెబితే ఊరూ, పేటా, తాతా అందరూ బయటికొస్తారు. ఆ తర్వాత లైన్లో టక్కుటక్కుమన్నాక ఏ మాట వస్తుందో నాకు తెలియదు. రైతు కుటుంబంలోంచి వచ్చినవాడని అతని మాటల్ని బట్టి నాకు అర్థమైపోయింది. అందుకని పేరు ప్రసక్తి వస్తే నేనే కాల్ ఏదో వచ్చిందని తప్పించేవాణ్ణి.

ఒక ఆదివారం మా ఊళ్ళో ఆరాధన అయ్యి బయటికొస్తున్నాం. నగరం పక్కన మా ఊరు. చర్చి గేటు దగ్గర తెల్ల చొక్కా వేసుకున్న ఒక సన్నటి మనిషి, చేతిలో పూతరేకుల పొట్లంతో నిలబడి, వచ్చినవాళ్ళనల్లా అడుగుతున్నాడు.

“ఏవండీ, రాజోలు బావ ఎవరండీ ఇక్కడ?”

గొంతు వినగానే ఎవరో నాకు తెలిసిపోయింది. జనం నవ్వుతున్నారు. పాస్టరుగారు కూడా వచ్చి, “ఎవరు కావాలండీ?” అంటున్నారు. నేను ముందుకెళ్ళి, “నేనేనండి,” అన్నాను.

అతను నన్ను పైనుంచి కిందికి చూశాడు. “గొంతుని బట్టి ఇంకాస్త లావుంటావనుకున్నాను బావా,” అన్నాడు. ఎక్స్ఛేంజికి వెళితే లైన్‌మాన్ చెప్పాడట, ఆదివారం గదండీ, ఊళ్ళో చర్చిలో ఉంటారని.

మా ఇంటికి వచ్చాడు. నాన్న కుర్చీ వేయించి, తువ్వాలుతో దులిపి, తను నిలబడే ఉన్నారు. అతను కుర్చీ పక్కకి జరిపి, నాన్న దగ్గర చదువుకునే పిల్లలు కూర్చునే చాప మీద చతికిలబడ్డాడు. నాన్న కూడా కింద కూర్చోక తప్పలేదు. అమ్మ పెట్టిన చేపల పులుసు రెండోసారి అడిగి పోయించుకున్నాడు. నేను అతన్ని మీరు అంటుంటే కాసేపు ఊరుకుని, “లైన్లో నువ్వు, ఇంట్లో మీరా?” అన్నాడు. నేను తల వంచుకుని అన్నం కలుపుకున్నాను.

నాన్నకి పిల్లలకి పాఠం చెప్పి చెప్పి ఏ మాటకైనా అర్థం అడిగే అలవాటు ఉంది. చేతులు కడుక్కున్నాక అడిగేశారు.

“తప్పుగా అనుకోకండి. స్నేహితుణ్ణి అన్నయ్యా అంటారు, తమ్ముడూ అంటారు. తమరు బావా అంటారేంటండీ?”

అతను చాప అంచు సర్దుకున్నాడు.

“మావైపు అన్నదమ్ములంటే గట్టు తగువులండి. మా నాన్నగారూ, మా పెదనాన్నగారూ కొబ్బరిచెట్టు ఎవరి గట్టు మీదుందని పన్నెండేళ్ళు మాట్లాడుకోలేదు. అదే మా మేనత్తగారి మొగుడొస్తే ఇద్దరూ ఆయనతో నవ్వుకుంటా కూర్చునేవోరు. ఆయన తిట్టినా ఈళ్ళకి కోపం రాదు. అప్పుడే అనుకున్నానండి. అన్నదమ్ములు పంచుకుంటారు. బావలు ఇచ్చిపుచ్చుకుంటారు.”

నాన్న నవ్వారు. కానీ వదల్లేదు.

“బావుందండి. మరి మనం ఏం ఇచ్చిపుచ్చుకుందామండీ?”

అది మామూలు ప్రశ్న కాదని చాప మీద ఉన్న అందరికీ తెలుసు. మా వైపు ఇచ్చిపుచ్చుకోవడమంటే పిల్లనివ్వడం, పిల్లని తెచ్చుకోవడం. అమ్మ పొయ్యి దగ్గర కదలడం మానేసింది.

“ముందు మాట ఇచ్చిపుచ్చుకుందారండి,” అన్నాడు అతను చివరికి. “అది కూడా లేదు గదండీ ఇప్పటిదాకా.”

అతన్ని బస్సెక్కించడానికి వెళుతూ, నా సంగతి ఎప్పుడు తెలిసింది అని అడిగాను. “క్రిస్మస్ వారమంతా సెలవు కావాలని నీ సూపర్వైజర్ని బతిమాలింది నా లైన్లోనే గదా,” అన్నాడు. అంటే రెండేళ్ళ నుంచీ తెలుసు. తెలిసే పిలిచాడు.

ఆ సాయంత్రం నాన్న అరుగు మీద కూర్చుని అన్నారు: “మంచివాడు. కానీ ఒకటి గుర్తుపెట్టుకో. నోటికి దూరం ఉండదు. గుమ్మానికుంటుంది.”

మామిడిపళ్ళ రోజుల్లో అతను నన్ను వాళ్ళ ఊరు పిలిచాడు. నేను వద్దంటే వినలేదు. ఈరోజు నేను కూర్చున్న ఈ బెంచీ అప్పుడు లేదు. ఇదే వసారాలో వాళ్ళ అన్నయ్యగారు మడతకుర్చీలో కూర్చుని ఉన్నారు. నన్ను చూసి లేచి నిలబడ్డారు. అంత మర్యాద.

“రండి రండి. తమరిదే ఊరండీ?”

“నగరం పక్కనండి.”

“ఆయ్. ఎవరి తాలూకండీ?”

నాన్న పేరు చెప్పాను. ఆ పేరుతోనే ఆయనకి అంతా తెలిసిపోయింది. మొహంలో ఏమీ మారలేదు. “మేస్టారి అబ్బాయా, మంచిదండి,” అన్నారు.

అతను ఇంట్లోంచి మంచినీళ్ళు పట్టుకొచ్చి, “అన్నయ్యా, రాజోలు బావ. చెప్పేనుగా,” అన్నాడు.

ఆయన తమ్ముడి వంక చూసి చిరునవ్వు నవ్వారు.

“ఏ వరసన్రా?”

“పిలిచిన వరసనే,” అన్నాడు అతను.

మధ్యాహ్నం నాకు వసారాలో ఆకు వేశారు. లోపల అతనికి ఆకు వేసి ఉంది. అతను ఆ ఆకుని రెండు చేతులతో ఎత్తి, వడ్డించిన వంకాయ కూర జారిపోకుండా నెమ్మదిగా నడుచుకుంటూ వచ్చి నా పక్కన పెట్టుకుని కూర్చున్నాడు. గుమ్మంలో నిలబడ్డ వదినగారు అన్నయ్యగారి వంక చూసింది. ఆయన పెరట్లోకి చూస్తున్నారు. భోజనం చేస్తున్నంతసేపూ అతను కబుర్లు చెబుతూనే ఉన్నాడు గానీ, లోపలి గుమ్మం వైపు ఒక్కసారి కూడా తిరగలేదు.

వెళ్ళేటప్పుడు అన్నయ్యగారు నన్ను గేటు దాకా సాగనంపారు. అతను సైకిలు తేవడానికి పెరట్లోకి వెళ్ళాడు. ఆయన ఒక బుట్టెడు కాయలు నా చేతికిచ్చి, “మేస్టారికివ్వండి, రసాలు, బావుంటాయి,” అన్నారు. తర్వాత అదే గొంతుతో, అదే చిరునవ్వుతో అన్నారు.

“మావాడు చిన్నప్పట్నించీ అంతేనండి, కలుపుగోలు మనిషి. వాడు పిలుస్తాడండీ. తమరే పలక్కూడదు.”

“అలాగేనండి,” అన్నాను. ఇంకేమనగలను? అంతకన్నా మర్యాదగా నన్ను ఎవరూ ఏమీ అనలేదు. సైకిలు మీద రేవు దాకా దింపుతూ అతను ఏమీ అడగలేదు. నేనూ చెప్పలేదు. బుట్ట బరువుగా ఉంది.

మర్నాడు డ్యూటీలో కూర్చున్నాను. భోజనాలయ్యాక టక్కుటక్కుమంది.

“రాజోలు బావా.”

నేను నోరు తెరవలేదు. అతను కూడా రెండోసారి పిలవలేదు. లైను మీద సన్నటి హోరు వినపడుతోంది. అన్నయ్యగారు నాతో చెప్పింది అతను వినలేదు. కానీ వాళ్ళ అన్నయ్య ఎలాంటివాడో అతనికి నాకన్నా తెలుసు. నేను పలుకుతానో లేదోనని ఎదురు చూస్తున్నాడని నాకు అర్థమైంది. హెడ్‌ఫోన్ తీసి పక్కన పెడితే అయిపోయేది.

“చెప్పు బావా,” అన్నాను.

అతను ఊపిరి వదలడం వినపడింది. “రాజమండ్రి కావాలన్నావుగా పొద్దున్న. ఇస్తున్నా,” అన్నాడు. నేను రాజమండ్రి అడగనే లేదు.

ఎనభై మొదట్లో నాన్నకి గుండెజబ్బు చేసింది. మా తమ్ముడు కాకినాడ పెద్దాసుపత్రికి తీసుకెళ్ళాడు. నాకు సెలవు దొరక్క డ్యూటీలో ఉన్నాను. పొద్దున పది దాటాక అమలాపురం పిలిచింది.

“బావా, కాకినాడ కాల్, నీకే. కూర్చున్నావా?”

“కూర్చునే ఉన్నాను.”

“అలాగే కూర్చో.”

మా తమ్ముడు చెప్పింది విన్నాను. తర్వాత వాడు ఏడుపు ఆపుకోలేక ఫోను పెట్టేశాడు. అవతలి చివర ఎవరూ లేరు. కానీ లైను తెగలేదు. నాకు తెలుసు, అతను ప్లగ్గు తియ్యలేదు. ఏమీ మాట్లాడలేదు, ఓదార్చలేదు, గోటితో కొట్టలేదు. నేను ఏడ్చినంతసేపూ ఆ లైను అలా తెరిచి ఉంచాడు. అమలాపురం బోర్డు మీద ఎన్ని కాల్స్ ఆగిపోయాయో. చివరికి నేనే ముక్కు తుడుచుకుని, “పెట్టేస్తున్నా,” అన్నాను.

“ఆయ్. నేనొస్తున్నా,” అన్నాడు.

మా ఇంటికి నాకన్నా ముందే చేరాడు. సాయంత్రం శవపెట్టె లేపేటప్పుడు ముందువైపు కుడి కొమ్ము అతను పట్టుకున్నాడు. మా బాబాయి కంగారుపడి, “తమరెందుకండీ, వద్దండీ, మా వాళ్ళున్నారు,” అని చెయ్యి అడ్డం పెట్టాడు.

“మా బావ వాళ్ళ నాన్నగారండి,” అన్నాడు అతను. చెప్పులు విప్పేసి, భుజం మీద తువ్వాలు మడిచి వేసుకుని, పెట్టె ఎత్తుకున్నాడు.

మా పేట నుంచి సమాధుల తోటకి వెళ్ళాలంటే కాలవగట్టు మీదుగా రైతుల ఇళ్ళ ముందు నుంచే దారి. అరుగుల మీద కూర్చున్నవాళ్ళు లేచి చూశారు. మేస్టారు పోయారని చూశారు, మోస్తున్నవాణ్ణీ చూశారు. వాళ్ళలో అతని దూరపు బంధువులు ఉన్నారు. అతను రాత్రి బస్సుకి కొత్తపేట చేరేసరికే కబురు ఇంటికి చేరిపోయింది.

అప్పటికి అతనికి ముక్తేశ్వరం వైపు ఒక సంబంధం కుదిరి, ముహూర్తం కూడా పెట్టారు. అతను నాతో ఆ అమ్మాయి గురించి సిగ్గుపడుతూ ఒకట్రెండు మాటలు చెప్పాడు కూడా. గలగలా మాట్లాడుతుందట. “ఇంక నువ్వు నా కబుర్లు వినక్కర్లేదు బావా, వినేవాళ్ళొస్తున్నారు,” అన్నాడు. ఆ పెళ్ళి జరగలేదు. ఎందుకో అతను చెప్పలేదు. చాలా రోజుల తర్వాత కొత్తపేట అక్కయ్యగారు లైన్లో గొంతు తగ్గించి చెప్పింది.

“ఆడపెళ్ళివారు వచ్చి అడిగేరంటండి, మోసేడని విన్నాం, నిజమేనా అని. ఆఫీసు పని మీద వెళ్ళేడు, దూరంగా నిలబడ్డాడు అని వాళ్ళన్నయ్యగారు సర్దబోయేరంట. ఇతనేమో లోపల్నించి వచ్చి, లేదండి, ముందు కొమ్ము నేనే పట్టేను, అన్నాడంట. వాళ్ళు కాఫీ అక్కడే వదిలేసి లేచిపోయేరంటండి.”

ఆ మధ్యాహ్నం అతను టక్కుటక్కుమన్నప్పుడు అడిగాను. “నిజమేనా?”

“లైను కలవలేదు బావా,” అన్నాడు. “ఇంకో కాల్ ఉంటే చెప్పు.”

ఇంకో సంబంధం రాలేదు. వచ్చినా అతను ఒప్పుకున్నాడో లేదో నాకు తెలియదు. అన్నయ్యగారితో మాటలు ఆగిపోయాయి. తర్వాత పొలం, ఇల్లు పంచుకున్నారు. అతను తన వాటా ఇల్లు అన్న పిల్లలకే వదిలేసి, అమలాపురంలో కాలవ పక్కన ఒక మేడగది అద్దెకి తీసుకున్నాడు.

నాకు పెళ్ళయింది. ప్రమోషన్ మీద కాకినాడ వెళ్ళాను. ఆ తర్వాత ఒక్కొక్క ఊరికీ ఆటోమేటిక్ ఎక్స్ఛేంజిలు వచ్చాయి. ఎవరి నంబరు వాళ్ళే తిప్పుకోవడం మొదలైంది. అమలాపురం బోర్డు తీసేసిన రోజున అతను ఒక్కొక్క ఊరినీ పిలిచి, “ఉంటాను బావా,” అని చెప్పాడట. అతన్ని బిల్లుల కౌంటర్లో కూర్చోబెట్టారు. అక్కడ మాట్లాడే పని లేదు. కిటికీ లేదు.

ఎనభై ఏడులోనో ఎనిమిదిలోనో ఒకసారి పని మీద అమలాపురం వెళ్ళి అతని గదికి వెళ్ళాను. మంచం, కూజా, ఆరేసిన రెండు చొక్కాలు. నన్ను చూసి చాలా సంతోషించాడు గానీ, ఎదురుగా కూర్చుంటే ఇద్దరికీ మాటలు రాలేదు. మాకు అలవాటు లేదు. అతను కిటికీ వైపు తిరిగి కూర్చున్నాక కొంచెం నయం.

టీ తాగుదామని బస్టాండు దగ్గర హోటల్‌కి వెళ్ళాం. పక్క బల్ల మీద కాలేజీ కుర్రాళ్ళు నలుగురైదుగురు గోల చేస్తున్నారు. “ఒరే బావా, సిగరెట్టివ్వరా.” “పోరా బావా, నిన్న నువ్విచ్చేవేంటి?” అతను టీ గ్లాసు పట్టుకుని చెవులు రిక్కించాడు. ఆ మాట అప్పటికి అమలాపురం వీధుల్లో, బస్సుల్లో, రేవుల్లో ఎక్కడ చూసినా ఉంది. అది అతని దగ్గర్నించే వచ్చిందని నేను అనను. ఇంకా ఎన్నో నోళ్ళలో, ఎన్నో ఊళ్ళలో విడివిడిగా పుట్టి ఉంటుంది. మాటకి పుట్టిన ఊరు ఎవరు చెప్పగలరు? కానీ మా లైన్లలో దాన్ని మొదటిసారి అన్న మనిషి నా ఎదురుగా కూర్చుని ఉన్నాడు.

అతను లేచి వాళ్ళ దగ్గరికి వెళ్ళాడు.

“ఏం బాబూ, మీరు ఒకళ్ళకొకళ్ళు ఏమవుతారు?”

కుర్రాళ్ళు తికమకపడ్డారు. ఒకడు సిగరెట్టు వెనక దాచుకుని, “ఏమీ అవ్వమండీ. ఫ్రెండ్సండి,” అన్నాడు.

“అందరిదీ ఒకే ఊరా?”

“లేదండి. తలో ఊరండి. వీడిది ఉప్పలగుప్తం, వీడిది మామిడికుదురు పక్క పేటండి.”

“ఆయ్, మంచిది. తాగండి,” అని వచ్చి కూర్చున్నాడు.

“విన్నావా? ఏమీ అవ్వరంట,” అన్నాడు నాతో. “వరస అరిగిపోయింది బావా. ఒట్టి స్నేహం మిగిలింది. వాళ్ళని ఎవరూ అడగరు, ఏ వరసనీ అని. అడిగినా వాళ్ళకి నొప్పి తగల్దు.” టీ గ్లాసు పక్కకి జరిపి, “మంచిదే గదా,” అన్నాడు.

“మంచిదే,” అన్నాను.

టీ మీద మీగడ కట్టింది. అతను తాగలేదు. మనిషి మొహంలో అలాంటి ఒంటరితనం నేను అంతకు ముందు చూడలేదు. ఆ కుర్రాళ్ళకి ఆ మాట తేలిగ్గా దొరికింది. తేలిగ్గా దొరకడం నిజంగా మంచిదే. కానీ దానికి బరువుండేదని తెలిసినవాళ్ళం ఆ హోటల్లో ఇద్దరమే ఉన్నాం. అందులో ఒకడు సాయంత్రం బస్సుకి పెళ్ళాంబిడ్డల దగ్గరికి వెళ్ళిపోతాడు.

అతను పోయే ముందు నెలలో నాకు ఫోను చేశాడు. డిపార్ట్‌మెంటు వాళ్ళు మా ఇంటికి ఫోను ఇచ్చి అప్పటికి కొన్నాళ్ళే అయింది. నేను పెరట్లో ఉన్నాను. ఫోను మోగితే మా పాప పరిగెత్తుకెళ్ళి ఎత్తింది. దానికి అప్పటికి ఆరేళ్ళు నిండలేదు. నా భార్యకి అన్నదమ్ములు లేరు. మిగతా పిల్లలు సెలవులకి మేనమామల ఇళ్ళకి వెళితే, అది వాళ్ళమ్మని అడిగేది, నాకు లేడా అని.

పాప పెరట్లోకి వచ్చి నా తువ్వాలు పట్టుకుని లాగింది. కళ్ళు ఇంత చేసుకుంది.

“నాన్నా, ఎవరో మావయ్యంట. ఎవరండీ అంటే, మీ మావయ్యనమ్మా, అన్నారు. నాకున్నాడా మావయ్య?”

నా భార్య చేటలో బియ్యం ఏరుతూ నా వంక చూసింది. తనకి అతని సంగతి అంతా తెలుసు. నేనేమంటానో అని ఆగింది.

“ఉన్నాడమ్మా. అమలాపురం మావయ్య,” అన్నాను.

నాకన్నా ముందు మళ్ళీ అదే పరిగెత్తి, రిసీవరు రెండు చేతులతో పట్టుకుని గట్టిగా చెప్పింది. “మావయ్యా! నాన్న వస్తున్నారు, ఇస్తున్నానండి!”

ఫోను తీసుకుని, “చెప్పు బావా,” అన్నాను.

అటువైపు నుంచి వీధిలో బస్సు హారన్లు, ఎవరివో అరుపులు మాత్రం వినపడుతున్నాయి. ఫోను బూత్‌లో నిలబడి ఉన్నాడు.

“ఉన్నావా?” అన్నాను.

“ఉన్నాను బావా,” అన్నాడు. “నీతో ఏం లేదు. ఒక్కసారి మళ్ళీ పాపకివ్వు.”